పాత పార్టిషన్ సాఫ్ట్‌వేర్ వాడిన తర్వాత కంప్యూటర్ బూట్ కావడం లేదు

ప్రశ్న

నమస్కారం. నా కంప్యూటర్‌లో 1 టెరాబైట్ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. సీ డ్రైవ్ నిండిపోవడంతో, దాదాపు ఖాళీగా ఉన్న డీ డ్రైవ్ నుంచి కొంత స్థలం దానికి కలపాలనుకున్నాను. ఇందుకోసం సెటప్‌లో (విండోస్ మొదలవకముందే తెరవగలిగే సెట్టింగుల్లో) లెగసీ మోడ్ (పాత పద్ధతిలో బూట్ చేసే ఎంపిక) ఆన్ చేసి, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కొన్న ఒక పార్టిషన్ సాఫ్ట్‌వేర్ సీడీతో బూట్ చేశాను. అది నా పార్టిషన్లేవీ చూపించకుండా డిస్క్ మొత్తాన్ని ఒకే తెలియని పార్టిషన్‌గా చూపించి, పార్టిషన్ల పట్టికలో తప్పులున్నాయి, సరిచేయాలా అని అడిగింది. నేను సరే అన్నాను. అప్పటి నుంచి, లెగసీ మోడ్ ఆపి చూసినా సరే, బూట్ కావడానికి డివైస్ ఏదీ లేదన్న సందేశమే వస్తోంది. సెటప్‌లో మాత్రం డిస్క్ పేరు, పరిమాణం సరిగ్గానే కనిపిస్తున్నాయి. నా ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, మరో కాపీ లేదు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్ప మార్గం లేదా?

సమాధానం 1

విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్ విభాగంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బూట్‌ను సరిచేసే బూట్‌రెక్ కమాండ్‌తో ఎంబీఆర్‌ను (డిస్క్ మొదట్లో బూట్ సమాచారం, పార్టిషన్ల పట్టిక ఉండే భాగాన్ని) సరిచేయండి. నా పాత కంప్యూటర్‌లో అలాగే బాగైంది.

సమాధానం 2

పై సలహా పాత పద్ధతి డిస్కులకు సరైనదే కానీ, ఇక్కడ దయచేసి ఇప్పుడే అది చేయకండి. మీరు చెప్పిన ఒక్క వివరం, అంటే డిస్క్ అంతా ఒకే తెలియని పార్టిషన్‌గా కనబడటం, అసలు విషయం చెబుతోంది. మీ డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది, అంటే పార్టిషన్ల వివరాలను ఎంబీఆర్‌లో కాకుండా కొత్త తరహా పట్టికలో రాసుకునే పద్ధతిలో. జీపీటీ డిస్క్‌లో మొదటి సెక్టార్‌లో (సెక్టార్ అంటే డిస్క్‌లోని ఒక చిన్న భాగం) ఉండే ఎంబీఆర్ కేవలం కాపలా కోసమే. జీపీటీ తెలియని పాత సాఫ్ట్‌వేర్లు డిస్క్ ఖాళీగా ఉందని భ్రమపడకుండా, మొత్తం స్థలాన్ని ఆక్రమించిన ఒకే పార్టిషన్‌ను అది చూపిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ ఆ కాపలానే తప్పుగా భావించి 'సరిచేసింది'. ఆ క్రమంలో తర్వాతి సెక్టార్లలో ఉండే అసలు జీపీటీ హెడర్ (పట్టిక వివరాలు చెప్పే తొలి భాగం), పార్టిషన్ల జాబితా కూడా దెబ్బతిని ఉండవచ్చు.

ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, జీపీటీ తన రెండో ప్రతిని డిస్క్ చివరి సెక్టార్లలో దాచుకుంటుంది. అది మిగిలి ఉంటే మీ ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయని, వాటికి దారి చూపే పట్టిక మాత్రమే పోయిందని అనుకోవచ్చు. అందుకే విండోస్ ఇన్‌స్టాల్ చేయడం, ఫార్మాట్ చేయడం, మరో కంప్యూటర్‌కు కలిపినప్పుడు 'ఇనీషియలైజ్' (కొత్త డిస్క్‌లా సిద్ధం చేయాలా) అని అడిగితే ఒప్పుకోవడం, ఇవేవీ చేయకండి. పట్టిక తప్పుగా ఉండగా చెక్‌డిస్క్ (డిస్క్‌లోని తప్పులను వెతికి సరిచేసే విండోస్ సాధనం) నడపడం కూడా ప్రమాదమే.

ముందుగా లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే కాపీ సాధనంతో డిస్క్ మొత్తాన్ని మరో పెద్ద డిస్క్‌లో ఒక ఇమేజ్ ఫైల్‌గా (డిస్క్‌కు అచ్చమైన నకలుగా) తీసుకోండి. ఈ మెట్టును దయచేసి దాటవేయకండి. ఆ తర్వాత, జీపీటీ పట్టికను సరిచేసే జీడిస్క్ అనే లినక్స్ సాధనం తెరవండి. ఎంబీఆర్ వాడాలా, జీపీటీ వాడాలా అని అది అడిగితే జీపీటీనే ఎంచుకోండి. రికవరీ మెనూలో 'బి' నొక్కితే చివరనున్న ప్రతి నుంచి ప్రధాన హెడర్ తిరిగి తయారవుతుంది, 'సి' నొక్కితే పార్టిషన్ల జాబితా వస్తుంది. 'పి' నొక్కి పార్టిషన్ల వరుస, పరిమాణాలు మీకు గుర్తున్నట్టే ఉన్నాయో లేదో చూడండి. సరిపోతేనే, నిపుణుల మెనూలోకి వెళ్లి 'ఎన్'తో కొత్త కాపలా ఎంబీఆర్ తయారుచేసి, చివరగా 'డబ్ల్యూ'తో రాయండి. సరిపోకపోతే ఏమీ రాయకుండా బయటికి వచ్చి, ఇక్కడ చెప్పండి.

అడిగినవారి జవాబు

ఇమేజ్ తీయడానికి రాత్రంతా పట్టింది. జీడిస్క్ ప్రధాన హెడర్ చెడిపోయిందని, చివరి ప్రతి బాగుందని చెప్పింది. మీరు చెప్పిన క్రమంలో చేస్తే పార్టిషన్లన్నీ తిరిగి కనిపించాయి. రాసిన తర్వాత పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే విండోస్ నేరుగా తెరుచుకుంది, బూట్‌రెక్ అవసరమే రాలేదు. ఫొటోలను వెంటనే మరో డిస్క్‌లోకి కాపీ చేశాను. మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇక సీ డ్రైవ్ పెంచడం ఎలా?

సమాధానం 2

చాలా సంతోషం. విండోస్‌లోనే ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్ చాలు. కాకపోతే అది సీ డ్రైవ్‌కు వెంటనే కుడివైపున ఉన్న ఖాళీ స్థలాన్నే కలపగలదు. డీ డ్రైవ్‌ను కుదిస్తే ఖాళీ దాని చివరన మిగులుతుంది కనుక ప్రయోజనం లేదు. డీలో ఉన్న కొద్దిపాటి ఫైళ్లను బయటికి కాపీ చేసి, దాన్ని తొలగించి, సీని పెంచి, మిగిలిన స్థలంలో డీని మళ్లీ సృష్టించండి. రెండింటి మధ్య రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉంటే మాత్రం, జీపీటీ తెలిసిన జీపార్టెడ్ వంటి సాఫ్ట్‌వేర్ వాడాలి. అప్పటివరకు ఆ ఇమేజ్ ఫైల్‌ను తీసివేయకండి.