కయాక్‌లో కూర్చుని ఫినెస్ ఫిషింగ్ (సన్న లైన్, తేలికపాటి ఎరలతో పట్టడం): స్పిన్నింగ్ రాడ్ 6'8" తీసుకోవాలా, 7'2" తీసుకోవాలా?

కమింగ్_కయాక్:

అమెరికా జార్జియాలోని లేక్ లేనియర్‌లో స్పాటెడ్ బాస్ చేపల కోసం ఒక్కటే స్పిన్నింగ్ రాడ్ కొనాలనుకుంటున్నాను. 12 అడుగుల కయాక్, నిలబడేది లేదు, అంతా కూర్చునే. పనులు మూడు: 25-35 అడుగుల లోతులో బ్రష్ పైల్స్ (నీళ్ళలో ముంచిన కొమ్మల కుప్పలు) మీద డ్రాప్ షాట్ (గాలం పైన, గుండు కింద కట్టి దించడం), పాయింట్ల (నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన గట్టు) మీద నెడ్ రిగ్ (చిన్న బరువు తల ఉన్న గాలానికి పొట్టి మెత్తటి ఎర), డాకుల (పడవలు కట్టే వేదికల) దగ్గర వ్యాకీ రిగ్ (నడిమికి గాలం గుచ్చిన మెత్తటి వర్మ్ ఎర) స్కిప్ చేయడం, అంటే నీళ్ళ మీద గెంతిస్తూ పంపడం. 2500 సైజు రీల్, 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), దాని కొసకి కట్టే 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ ఇప్పటికే ఉన్నాయి.

షాపులో అడిగితే "7 అడుగులు, మీడియం లైట్ (కాస్త మెత్తటి రాడ్), కళ్ళు మూసుకుని తీసుకోండి" అంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే డ్రాప్ షాట్‌కి 6'10" అని ఒకరు, 7'2" అని ఇంకొకరు. నాలుగు అంగుళాల దగ్గర ఇంత పట్టింపు అవసరమా? బాస్ బోట్ మీద నిలబడి వేసేవాళ్ళ లెక్క మనకి వర్తిస్తుందా?

సీసంగుండు:

నేరుగా వర్తించదండి. బోట్ డెక్ మీద నిలబడ్డ మనిషి చేతిలో రీల్ నీళ్ళకి నాలుగైదు అడుగుల ఎత్తున ఉంటుంది. కయాక్ సీట్లో రెండు అడుగులు ఉంటే గొప్ప. ఆ తేడా వల్లే అదే రాడ్ అక్కడ ఒకలాగ, ఇక్కడ ఒకలాగ పనిచేస్తుంది.

ముందు కయాక్ ముక్కు సంగతి చూడండి. సీటు నుంచి ముక్కు కొసకి ఆరు, ఆరున్నర అడుగులు ఉంటుంది. తగులుకున్న చేప ఎడమ నుంచి కుడికి ముక్కు కిందుగా దూరితే రాడ్ కొసని ముక్కు దాటించి అటువైపు తిప్పాలి. తిప్పలేకపోతే లైన్ కయాక్ అడుక్కి రాసుకుంటుంది. బ్రెయిడ్ అయినా, లీడర్ అయినా అక్కడే తెగుతుంది. 6'6" రాడ్‌తో చెయ్యి పూర్తిగా చాచినా, చేప బరువుకి రాడ్ వంగాక ముక్కు దాటడం కష్టం. 7 అడుగులైతే దాటుతుంది. అందుకని కయాక్‌లో 6'10" కంటే తగ్గొద్దు.

రెండోది, ఎవరూ చూడనిది: రాడ్ మీద రాసిన పొడవులో వెనక పిడి కూడా కలిసే ఉంటుంది. ఒక 7 అడుగుల రాడ్‌కి రీల్ కాలు (రీల్‌ని రాడ్‌కి బిగించే చోటు) నుంచి చివరిదాకా 9 అంగుళాలే ఉండొచ్చు, ఇంకోదానికి 12 ఉండొచ్చు. అంటే పనిచేసే పొడవులో 3 అంగుళాలు ఎగిరిపోయినట్టే. పైగా పొడుగు పిడి లైఫ్ జాకెట్‌కి తట్టుకుంటుంది, మణికట్టు తిప్పనివ్వదు. టేపు పట్టుకెళ్ళి రీల్ కాలు నుంచి కొసదాకా కొలిచి పోల్చండి, లేబుల్‌ని నమ్మొద్దు. వెనక పిడి 9-9.5 అంగుళాలు దాటకుండా చూసుకోండి.

డ్రాప్ షాట్ నిట్టనిలువుగా దించేటప్పుడు పొడవు పెద్దగా పనిచేయదు. పనిచేసేది కొస మెత్తదనం. అలలకి కయాక్ ఊగుతుంటే ఆ ఊపు మొత్తం ఎరకి పోతుంది. కొస గట్టిగా ఉంటే పావు ఔన్స్ గుండు అడుగు మీద నిలవదు, ఎగిరెగిరి పడుతుంది. మెత్తటి కొస వంగి ఆ ఊపుని మింగేస్తుంది, గుండు కదలదు, ఎర మాత్రం కొద్దిగా వణుకుతుంది. మనకి కావలసింది అదే.

డాక్_దాదా:

గుండు గారు చెప్పిన ముక్కు లెక్క సరైనదే, కానీ స్కిప్ చేసే పనిని ఆయన అసలు ముట్టుకోలేదు. కయాక్ నుంచి 7'2"తో స్కిప్ చేయడం దండగ. రీల్ రెండు అడుగుల ఎత్తున ఉన్నప్పుడు పక్కనుంచి చెయ్యి విసిరితే కొస ముందు నీళ్ళని కొడుతుంది, ఎర తర్వాత. కొస నీళ్ళకి తగిలిన క్షణంలో వేగం పోతుంది, లైన్ వదిలే సమయం తప్పుతుంది, ఎర పైకి లేచి డాక్ అంచుకి కొట్టుకుంటుంది. నన్నడిగితే 6'8".

లేనియర్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ నీటిమట్టం మారుతుంటుంది కాబట్టి డాకులు తేలేవే. కింద ఫోమ్ ఫ్లోట్లు నీళ్ళని అంటుకునే ఉంటాయి. "డాక్ కిందకి స్కిప్" అంటే అక్కడ నిజానికి రెండే చోట్లు: పడవ నిలిపే స్లిప్ లోపల, గట్టు నుంచి డాక్‌కి వేసిన నడకదారి కింద. స్లిప్ నోరు ఇరుకు, కాబట్టి దూరం కంటే గురి ముఖ్యం. గురికి పొట్టి రాడ్ మేలు.

బరువు కూడా చూసుకోండి. వ్యాకీ రిగ్‌కి వాడే 5 అంగుళాల స్టిక్ వర్మ్ ఒక్కటే దాదాపు 10 గ్రాములుంటుంది. మీడియం లైట్ రాడ్ల మీద చాలావాటికి 1/16 నుంచి 3/8 ఔన్స్ అని రాసుంటుంది, 10 గ్రాములంటే దాదాపు పై హద్దు. స్కిప్ చేసేటప్పుడు అది విసురుకి బాగా వంగి ఎర ఎటో పోతుంది. 4 అంగుళాల వర్మ్‌కి దిగితే మీడియం లైట్ హాయిగా పంపుతుంది.

కమింగ్_కయాక్:

ఇద్దరికీ థాంక్సండి. ఒకరు 6'10" తగ్గొద్దంటారు, ఒకరు 6'8" అంటారు, మధ్యలో నేను! ఇంకో అనుమానం. 30 అడుగుల లోతున చేప పట్టినప్పుడు పొట్టి రాడ్‌తో గాలం గుచ్చుకుంటుందా? టూ పీస్ రాడ్ పర్లేదా, కారు చిన్నది.

లైట్‌లైన్:

గుచ్చుకోవడానికి పొడవు గురించి బెంగ వద్దు. బ్రెయిడ్ సాగదు, డ్రాప్ షాట్ గాలం సన్న తీగతో చేసింది, 1 లేదా 2 నంబరు. లాగి కొట్టొద్దు. కొస బరువెక్కగానే రీల్ తిప్పుతూ రాడ్‌ని నెమ్మదిగా పైకి ఎత్తండి, గుచ్చుకుంటుంది. విసిరి కొడితే 8 పౌండ్ల లీడర్ ముడి దగ్గర తెగుతుంది, లేదా చేప నోరు చిరుగుతుంది.

పొడవు నిజంగా అక్కరకొచ్చేది నెడ్‌కి. 1/10 ఔన్స్ తల ఎదురుగాలిలో పోవాలంటే పొడుగు కొస కావాలి. పైగా కింద కూర్చుని లాగుతున్నప్పుడు నీళ్ళ మీద పడిన లైన్‌ని గాలి విల్లులా వంచేస్తుంది. పొడుగు రాడ్ ఎత్తి పట్టుకుంటే నీళ్ళని తాకే లైన్ తగ్గుతుంది, చిన్న కాటు కూడా చేతికి తెలుస్తుంది.

మీ మూడు పనులకీ కలిపి నా ఓటు 6'10", మీడియం లైట్, ఫాస్ట్ యాక్షన్ (కొస వైపే ఎక్కువ వంగేది), పొట్టి పిడి. ఎక్స్‌ట్రా ఫాస్ట్ డ్రాప్ షాట్‌కి బాగుంటుంది కానీ స్కిప్‌కి కొస ఒక్కటే వంగి కింది భాగం బిగదీసుకుంటుంది. స్కిప్ వారానికోసారే అయితే 7'0"కి పోండి. రోజూ డాకులే అయితే దాదా గారి 6'8" తీసుకుని, చేప ముక్కు వైపు తిరిగితే కొసని నీళ్ళలో ముంచి తిప్పండి. లైన్ కయాక్ అడుగుకి తగలదు.

లీడర్ 6 అడుగులకి మించొద్దు. 6'10" రాడ్‌కి ఎర కొస నుంచి అడుగున్నర వేలాడదీసి విసిరేటప్పుడు బ్రెయిడ్, లీడర్ కలిసే ముడి గైడ్ల (లైన్ దూరే రింగుల) మధ్యలో ఉంటుంది. కాబట్టి సన్నగా ఉండే ఎఫ్‌జీ ముడి వేయండి. డబుల్ యూనీ లావుగా ఉండి చిన్న గైడ్లలో టకటకమంటుంది, ఒక్కోసారి అక్కడే ఇరుక్కుని ఎర సగం దూరంలో ఆగిపోతుంది.

టూ పీస్ పర్లేదు. అతుకు దగ్గర కొద్దిగా మెలితిప్పి బిగించి, అరగంటకోసారి చేత్తో తడిమి చూడండి. వదులైన అతుకుతో విసిరితే అక్కడే చీలుతుంది.

సీసంగుండు:

6'10" నాకూ ఓకే. ఒకటి కలుపుతాను: చేపని దగ్గరకి తెచ్చాక రాడ్‌ని తలమీదుగా వెనక్కి వంచొద్దు, కొస విరిగేది ఎక్కువగా అప్పుడే. దాదాపు రాడ్ పొడవంత లైన్ బయట ఉంచి, రాడ్‌ని పక్కకి వాల్చి వలలోకి లాగండి. డ్రాప్ షాట్ గుండు గాలం కింద అడుగు దూరాన వేలాడుతుంటుంది, వల కన్నాల్లో ముందు అదే చిక్కుకుంటుంది. రబ్బరు వల అయితే ఈ గొడవ తక్కువ.