రెండు ఓవర్‌హెడ్ మైకులు ఎక్కడ పెడుతున్నారు? స్నేర్ మధ్యలో నిలవట్లేదు

గోదారి_గ్రూవ్:
మా చర్చిలో ఆదివారం పాటలు రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాం. మామూలు ఐదు పీసుల డ్రమ్ సెట్టు, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) 22 అంగుళాలు. ఇంటర్‌ఫేస్‌కి (మైకుల సౌండు కంప్యూటర్లోకి పంపే పెట్టె) నాలుగే ఇన్‌పుట్లు కాబట్టి కిక్‌కి ఒకటి, స్నేర్‌కి (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము) ఒకటి పోగా మిగిలిన రెండూ ఓవర్‌హెడ్స్, అంటే సెట్టు పైన పెట్టేవి. చిన్న పెన్సిల్ కండెన్సర్లు. స్లాబు తొమ్మిది అడుగులు ఉంటుంది. మైకులు రెండూ ఒకే ఎత్తులో, ఎడమా కుడీ సమానంగా పెట్టాం, ఫోటోలో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. వినబోతే స్నేర్ ఒక పక్కకి జరిగిపోతోంది, ఫోన్ స్పీకర్లో అయితే బక్కచిక్కిపోయి టిక్కు టిక్కు మంటోంది. ఈక్యూ (సౌండులో ఏ స్థాయిని ఎంత ఎత్తాలో దించాలో చూసే మీటలు) తిప్పి తిప్పి విసుగొచ్చింది. మీరంతా ఏ కొలతతో పెడుతున్నారో చెప్పండి.

పురికొస:
ఫోటోలో సమానంగా ఉండటమే సమస్య తమ్ముడూ. డ్రమ్స్ సెట్టు సమానంగా ఉండదు కదా, స్నేర్ వాయించేవాడి ఎడమ మోకాలి దగ్గర ఉంటుంది, అందుకని ఎడమ మైకు దానికి దగ్గర, కుడి మైకు దూరం. నేలనుంచి ఎత్తు కొలవొద్దు, స్నేర్ నడిబొడ్డునుంచి మైకు మూతి దాకా టేపు పెట్టి కొలువు, రెండు మైకులకీ అదే దూరం రావాలి. సౌండు మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి ఒక అడుగు తేడా ఉంటే ఒక మైకుకి దాదాపు 0.9 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. స్టీరియోలో అది పక్కకి జరిగినట్టు వినిపిస్తుంది. ఫోన్‌లో రెండూ కలిసి మోనో అయ్యేసరికి 570 హెర్ట్జ్ చుట్టుపక్కల గొయ్యి పడుతుంది, ఆ పైన 1700 దగ్గర ఇంకోటి, అలా వరసగా. స్నేర్ ఒళ్లంతా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. దానికి ఈక్యూ ఎంత ఎత్తినా లాభం లేదు, ఒకదాన్నొకటి కొట్టేసుకున్న సౌండుని ఎత్తితే ఏమొస్తుంది?

స్టిక్స్_మాస్టర్:
టేపు కూడా అక్కర్లేదు, పురికొస చాలు (పేరు చూసి అనట్లేదు అన్నా 😀). స్నేర్ నడిమీద నిటారుగా రెండు స్టిక్స్ పొడవున, అంటే 32 అంగుళాల ఎత్తులో మొదటి మైకు, కిందికి చూస్తూ. ఇప్పుడు పురికొస ఒక చివర స్నేర్ మధ్యలో, రెండో చివర కిక్‌లో బీటర్ తగిలే చోట పట్టుకోమని ఇద్దరికి చెప్పి, మైకు దగ్గర తాడుని చిటికెన వేలితో లాగి పట్టు. త్రికోణం వస్తుంది. తాడు మీద ఆ వేలు జారకుండా త్రికోణం మొత్తాన్ని డ్రమ్మర్ కుడి భుజం వైపు తిప్పితే రెండో మైకు చోటు దొరుకుతుంది. ఇప్పుడు స్నేర్‌కీ కిక్‌కీ కూడా రెండు మైకులూ సమదూరం. చూడ్డానికి వంకరగా, ఎవరో తన్ని పోయినట్టుంటుంది. వినడానికి కాదు. రికార్డర్‌మాన్ పద్ధతి అంటారు దీన్ని.

జెర్సీ_బేస్‌మెంట్:
సౌండ్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పద్ధతి కూడా దీనికి చుట్టమే. 1968లో లండన్ ఒలింపిక్ స్టూడియోలో లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్ చేస్తున్నప్పుడు ఆయనకి ఇది అనుకోకుండా తగిలింది. ఒక మైకు పైన, ఇంకొకటి ఫ్లోర్ టామ్ పక్కన కాస్త పైకి ఉంచి హైహ్యాట్ (కాలితో కలిపే జంట లోహపు పళ్లేలు) వైపు చూసేలా, రెండూ స్నేర్‌కి ఒకే దూరంలో, దాదాపు 40 అంగుళాలు. నాలుగు మైకులతో డ్రమ్స్ అంటే అందరూ ఇదే చెప్తారు. నేను ఒక్క మాట చేరుస్తా: అక్కడ వాయించినది లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్. చేతుల్లోనే మిక్సింగ్ ఉన్నవాడు. మన కుర్రాడు హైహ్యాట్‌ని పగలగొడుతూ స్నేర్‌ని ముద్దు పెట్టుకుంటే ఈ పద్ధతిలో హైహ్యాట్ రికార్డింగే వస్తుంది, డ్రమ్స్ రాదు. మైకు జరిపేముందు డ్రమ్మర్‌తో మాట్లాడండి.

గోదారి_గ్రూవ్:
హహ, మా వాడు సరిగ్గా అదే. హైహ్యాట్ విషయం చెప్తే అలుగుతాడు.

రేకులషెడ్డు:
సీలింగు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. తొమ్మిది అడుగుల స్లాబులో డ్రమ్స్ వేదిక తీసేస్తే ఎనిమిదిన్నరే. మైకు సీలింగుకి అడుగు దూరంలో ఉందనుకో, సింబల్ సౌండు నేరుగా ఒకసారి, పైకెళ్లి స్లాబుకి కొట్టుకుని రెండడుగులు ఎక్కువ తిరిగి ఇంకోసారి వస్తుంది. 280 హెర్ట్జ్ దగ్గర మొదటి గొయ్యి, తర్వాత వరసగా. అదే చిన్న గదిలో డబ్బాలో వాయించినట్టుండే సౌండు. నీ మైకులు కిందికి దించు, స్టిక్స్ మాస్టర్ చెప్పిన ఎత్తు నీకు సరిపోతుంది. పైన స్లాబుకి నాలుగంగుళాల మందం రాక్‌వూల్ పలకలు గుడ్డలో చుట్టి కాస్త గ్యాప్ ఇచ్చి వేలాడదీయండి. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అంటించమని ఎవరైనా చెప్తే వినకండి, ఈ పౌనఃపున్యాల దగ్గర వాటి వల్ల ఒరిగేదేం లేదు, పైగా అగ్గి అంటుకుంటే అంతే సంగతులు.

ఇంకోటి. ఫ్యాన్. డ్రమ్స్ మీద ఫ్యాన్ తిరుగుతుంటే గాలి కండెన్సర్‌కి తగిలి కింద గుబగుబమంటుంది, ఫోమ్ టోపీ పెడితే అది కొంత తగ్గుతుంది. కానీ రెక్కలు తిరుగుతూ సౌండుని వెనక్కి కొడుతుంటాయి చూడు, దానికి ఏ టోపీ లేదు. క్రాష్ (గట్టిగా కొట్టే సింబల్) ఒక్కటి కొట్టి మోగనివ్వు, చివరిదాకా విను, తోక వణుకుతూ వస్తే అదే. మే నెలలో ఫ్యాన్ ఆపమంటే డ్రమ్మర్ తిడతాడు, అయినా టేక్ అయ్యేదాకా ఆపాల్సిందే.

మోనో_మావయ్య:
మీ పాటలు వినేవాళ్లలో చాలామంది ఫోన్‌లోనే కదా వింటారు. అలాంటప్పుడు ఈ దారాలన్నీ ఎందుకు, ఎక్స్‌వై పద్ధతిలో పెట్టేయండి. రెండు మూతులూ ఒకదాని మీద ఒకటి, మధ్యలో 90 డిగ్రీలు. దూరం తేడాయే లేదు, మోనోలో ఏమీ పోదు.

పురికొస:
మావయ్యా అది నిజమే, కానీ స్టీరియో ఇరుకైపోతుంది. ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లకి టామ్స్ అన్నీ ముక్కు మీద కూర్చున్నట్టుంటాయి. ఓఆర్‌టీఎఫ్ అనే పద్ధతి మధ్యేమార్గం, మూతుల మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. చర్చి హాల్లో గాయక బృందానికి నేను అదే పెడతా, డ్రమ్స్‌కి మాత్రం దారమే.

మోనో_మావయ్య:
ఇరుకైతే ఇరుకు. స్నేర్ ఉందా లేదా?

జెర్సీ_బేస్‌మెంట్:
ఎవరైనా రిబ్బన్ మైకులు కొనమంటే తొందరపడకండి. సింబల్స్ మెత్తగా వస్తాయి, నిజమే, కానీ చాలా రిబ్బన్లు ముందూ వెనకా సమానంగా వింటాయి, వెనక మూతి నేరుగా స్లాబుని చూస్తుంది. మా బేస్‌మెంటు సీలింగు ఏడడుగులే, అక్కడ అవి పెట్టెలోనే ఉంటాయి.

టామ్ మైకులు లేవు కాబట్టి ఓవర్‌హెడ్స్‌లో లో-కట్ (కింది సౌండుని తీసేసే మీట) 400 హెర్ట్జ్ దగ్గర పెట్టే అలవాటుంటే మానేయండి. టామ్స్ వచ్చేది వాటిలోంచే. 80 దాకా కట్ చేస్తే చాలు. తర్వాత స్నేర్ మైకు, కిక్ మైకు ఒక్కోటీ ఓవర్‌హెడ్స్‌తో కలిపి పోలారిటీ మీట (సౌండు తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి చూడండి, ఏ వైపు ఒళ్లు ఎక్కువుంటే అది ఉంచండి.

గోదారి_గ్రూవ్:
శనివారం రిహార్సల్‌లో పురికొస కట్టి చూశాం. స్నేర్ మధ్యకి వచ్చేసింది, ఫోన్‌లో కూడా ఒళ్లు కనిపిస్తోంది, థాంక్స్ అన్నలూ. ఫ్యాన్ సంగతి కూడా నిజమే, క్రాష్ తోక వణుకుతూనే ఉంది, ఆపితే పోయింది. కానీ ఇప్పుడు రైడ్ (లయ పట్టే పెద్ద సింబల్) తగ్గిపోయింది, క్రాష్ మాత్రం ఊగుతూ ఊగుతూ వాహ్ వాహ్ అంటోంది. కుడి మైకు కాస్త జరపనా?

స్టిక్స్_మాస్టర్:
జరపొద్దు, తిప్పు. మూతి ఉన్నచోటే ఉంచి, మైకు వెనక భాగాన్ని మాత్రమే కదిలిస్తే దూరం మారదు, రైడ్ వైపు నాలుగు వేళ్లంత తిప్పితే చాలు. క్రాష్ ఊగేది మైకు దాని అంచుకి దగ్గరగా ఉండబట్టి, అంచు పైకీ కిందికీ ఊగుతుంటే సౌండు వచ్చీపోయీ చేస్తుంది. క్రాష్ స్టాండే ఒక జానెడు అవతలికి జరుపు, మైకుని ముట్టుకోకు. అయ్యాక ఎందుకైనా మంచిది, ఇంకోసారి పురికొస పెట్టి చూసుకో, బూమ్ స్టాండ్లు రిహార్సల్ మధ్యలోనే కిందికి వాలుతుంటాయి.