మాల మెడలో ఉన్నన్నాళ్లేనా? భక్తీ, మందూ, మన కుర్రాళ్లూ

కాలవగట్టు (అమలాపురం): మా బ్యాచ్‌లో ఏడుగురం. పోయిన కార్తీకంలో నలుగురు అయ్యప్ప మాల వేసుకున్నారు. వారానికి మూడు రాత్రులు తాగేవాడు కూడా 41 రోజులు చుక్క ముట్టలేదు. తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, చాప మీద పడక. మాల తీసిన రోజు రాత్రే కొబ్బరితోటలో సీసా మూత తీశారు. ఇది భక్తా, చిన్న బ్రేకా? భక్తి ఉంటే కుర్రాళ్లు మందు జోలికి పోరంటే నేను నమ్మను.

లంక కుర్రోడు (సఖినేటిపల్లి): బ్రేకే అనుకో మావా, 41 రోజులు తక్కువా? నన్నయితే దేవుడి కంటే ఆ పిలుపే ఎక్కువ కాపాడింది. ముందురోజు దాకా 'ఏరా' అన్నవాళ్లు మాల పడగానే 'స్వామీ' అన్నారు. స్వామి చేతికి గ్లాసు ఎవడిస్తాడు? మామూలు రోజుల్లో వద్దంటే 'అమ్మకూచి' అని ఏడిపిస్తారు. మాల తీశాక మళ్లీ ఎందుకు తాగవో చెప్పాల్సొచ్చింది. చెప్పలేక తాగేశా. పైగా తీసేసరికి డిసెంబరు నెలాఖరు, ఆ వెనకే సంక్రాంతి కోడిపందేల బరులు!

మిరపకాయబజ్జీ (రాజోలు): మా చర్చిలో 41 రోజుల లెక్క లేదు, జీవితాంతం. 'మద్యముతో మత్తులై యుండకుడి' అని బైబిల్లో, ఎఫెసీ పత్రికలోనే ఉంది. (కానా పెళ్లిలో యేసు నీళ్లని ద్రాక్షారసం చేసిన సంగతి ఎత్తకండి. మా యూత్ మీటింగులో అది తేలేలోపు బిర్యానీ చల్లారిపోయింది.) కొందరు నిజంగానే మానేశారు. కొందరు యానాం వెళ్లి తాగొస్తారు. అలవాటు ముదిరినవాడు మాత్రం నోరు విప్పడు. చెప్పుకుంటే ఆదివారం ప్రార్థనలో తన పేరు వినిపిస్తుందని భయం.

పాలకొల్లు అత్తయ్య: బాబూ, 1995 జనవరిలో ఎన్టీఆర్ గారు మద్యనిషేధం పెట్టేనాటికి నాకు పెళ్లయి రెండేళ్లు. మావారికి దొంగసరుకు ఎక్కడి నుంచో వస్తూనే ఉండేది. 1997లో నిషేధమే ఎత్తేశారు. ఆ చట్టం వల్ల కానిది మా ఇంట్లో నల్లబట్టల వల్ల అయింది. ఏటా ఆ 41 రాత్రులు గేటు చప్పుడైతే పిల్లలు లేచి మంచం కిందకి దూరేవాళ్లు కాదు. దాన్ని నువ్వు 'చిన్న బ్రేక్' అంటే నాకు ఒళ్లు మండుతోంది.

కాలవగట్టు: తప్పయిందండీ అత్తయ్యగారూ. ఇంట్లోవాళ్ల వైపు నుంచి ఆలోచించలేదు. కానీ ఒక్కటి. మా నలుగురిలో ఇద్దరికి 21 నిండలేదు, మన రాష్ట్రంలో వాళ్లకి మందు అమ్మకూడదు. షాపులో వయసెంతని కూడా అడగలేదు. మాల ఉన్నన్నాళ్లూ ఊరంతా కాపలా కాసింది. తీశాక పట్టించుకున్నవాడు లేడు.

లంక కుర్రోడు: అందుకే ఈసారి కనుమకి బరుల వైపు పోను. జగ్గన్నతోట తీర్థానికి మా అమ్మమ్మగారి ఊరు గంగలకుర్రు ప్రభ మోస్తున్నా, అదే, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే పెద్ద వెదురు ప్రభ. కౌశిక కాలవ దాటేటప్పుడు ఒక్కడు తూలినా అందరం నీళ్లలోనే. ఒక భుజం తక్కువైంది మావా, వస్తావా?