అరవై దాటాక పరగడుపున లీటరుంపావు నీళ్ళు: తాగాలా, వద్దా?

కృష్ణలంక కుర్రాడు:
మా నాన్నకి 71. బీపీ ఉంది, షుగర్ లేదు. పార్కులో వాకింగ్ బ్యాచ్ ఒకటి తగులుకుంది, లేవగానే లీటరుంపావు నీళ్ళు తాగాల్సిందే అని ఎక్కించేశారు. తెల్లారి ఐదింటికి స్టీలు చెంబు నింపుకుని కూర్చుంటారు, సగం అయ్యేసరికి కళ్ళలో నీళ్ళు, అయినా ఆపరు. ఇక ఎనిమిదయ్యేదాకా మా ఇంట్లో బాత్రూమ్ తలుపు చప్పుడే. అమ్మ పెట్టిన కాఫీ రోజూ చల్లారిపోవడం, దాని మీద ఒక గొడవ. వద్దంటే మంతెన సత్యనారాయణ రాజు గారి మాట ఎత్తుతారు. వయసు పెరిగేకొద్దీ పొద్దుటి నీళ్ళు ఇంకా ముఖ్యమట. నిజమేనా? ఎవరైనా తేల్చండి.

మలక్‌పేట్ మామ:
ఇందులో తేల్చేదేముంది బాబూ. నాకు 66. రాత్రి రాగి చెంబులో పోసి పెట్టుకుంటా, లేవగానే తాగేసి హాల్లో అటూ ఇటూ తిరిగితే మోషన్ ఫ్రీ. ఇసబ్‌గోల్ డబ్బా అటకెక్కింది. రాత్రంతా ఒంట్లో పేరుకున్న విషం మొత్తం కొట్టుకుపోతుంది, మొదటి మూత్రం ఎంత పచ్చగా ఉంటుందో చూడలేదా? మీ నాన్నగారిని ఆయన మానాన ఆయన్ని వదిలెయ్.

వార్డు సిస్టర్:
మామగారూ, మోషన్ సంగతి ఒప్పుకుంటా. ఖాళీ కడుపులో గోరువెచ్చని నీళ్ళు పడితే పేగు కదులుతుంది. కానీ దానికి చాలామందికి ఒక గ్లాసు చాలు, కాఫీ కూడా ఆ పని చేస్తుంది. విషం మాట మాత్రం ఒప్పుకోను. కిడ్నీలు రాత్రి డ్యూటీ కూడా చేస్తాయి. నిద్రలో నీళ్ళు ఎక్కువ పోకుండా ఒళ్ళే పట్టి ఉంచుతుంది, అందుకే పొద్దుటి మూత్రం చిక్కగా పచ్చగా వస్తుంది. వయసు మీద పడ్డాక ఆ పట్టు సడలుతుంది, పెద్దవాళ్ళు రాత్రి రెండు మూడుసార్లు లేవడానికి అదొక కారణం.

వయసుతో వచ్చే అసలు చిక్కు దాహం తెలియకపోవడం. 1984లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 67-75 ఏళ్ళ మగవాళ్ళనీ, కుర్రాళ్ళనీ 24 గంటలు నీళ్ళు లేకుండా ఉంచి చూశారు. పెద్దవాళ్ళ రక్తం ఎక్కువ చిక్కబడింది, అయినా వాళ్ళకి దాహం తక్కువ వేసింది, తర్వాత నీళ్ళిస్తే తాగిందీ తక్కువే. అంటే దాహం వేసినప్పుడు తాగుదాంలే అని కూర్చుంటే కుదరదు, గంట చూసుకుని తాగాలి. అయితే అది రోజంతా సర్దుకోవాల్సిన లెక్క, తెల్లారేసరికి పూర్తి చేసే కోటా కాదు.

కృష్ణలంక తమ్ముడూ, నాన్నగారి బీపీ మాత్ర స్ట్రిప్ ఓసారి తిప్పి చూడు. పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉంటే అందులో సాధారణంగా మూత్రం ఎక్కువ వచ్చే మందు కలిసి ఉంటుంది, అది ఉప్పుని కూడా బయటికి పంపేస్తుంది. దాని మీద వట్టి నీళ్ళు లీటర్లకి లీటర్లు పోస్తే రక్తంలో సోడియం, అంటే ఆ ఉప్పే, పడిపోయే ప్రమాదం ఉంది. అలా వచ్చినవాళ్ళని మా వార్డులో చూస్తుంటాం. తూలుతూ, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడుతూ వస్తారు, ఇంట్లోవాళ్ళు పక్షవాతమేమో అని హడలిపోయి ఉంటారు.

మలక్‌పేట్ మామ:
నీళ్ళకి కూడా భయపెడితే ఎట్లా సిస్టర్? మా నాన్న చెంబులకి చెంబులు తాగి ఎనభై దాటాడు.

వార్డు సిస్టర్:
పొలం పనిలో చెమటకి సగం పోయి ఉంటుంది మామగారూ, పైగా ఆయన బీపీ మాత్ర వేసుకుని ఉండరు. మీకు కిడ్నీ, గుండె బాగున్నంతవరకు మీ చెంబు జోలికి నేను రాను.

సోంపేట సీను:
మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. ఇక్కడ డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి మజ్జిగ, పప్పుచారుతో సహా కొలత చెబుతారు, మాత్ర వేసుకోవడానికి తాగే గుక్క కూడా అందులోదే. గుండె నీరసించి కాళ్ళు వాచేవాళ్ళకీ చాలామందికి అంతే. అందరికీ ఒకే లీటరు అని మైకులో చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుద్ది.

పిఠాపురం పిల్ల:
మా ఇంట్లో తిరకాసు వేరు. అమ్మకి 68, మోకాళ్ళ నొప్పులు. రాత్రి లేవాల్సి వస్తుందని నాలుగు దాటాక చుక్క ముట్టదు, బస్సు ప్రయాణం ఉందంటే పొద్దున్నుంచే బంద్. బస్టాండులో ఆ బాత్రూములు చూస్తే నేనూ అనలేను. మొన్న ఎండల్లో లేచి నిలబడగానే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. ఇలాంటివాళ్ళు పొద్దున్న కాస్త ఎక్కువ తాగితే తప్పా అక్కా?

వార్డు సిస్టర్:
తప్పేం కాదు, పొద్దుటి నీళ్ళకి నా ఓటు పడేది అక్కడే. లేవగానే ఒక గ్లాసు, టిఫిన్‌తో ఒకటి, పదకొండుకి పల్చటి మజ్జిగ, ఇలా సాయంత్రానికి చాలావరకు పూర్తి చేస్తే రాత్రి లేవడం తగ్గవచ్చు. యూరప్ పోషకాహార నిపుణుల లెక్కలో పెద్ద వయసు ఆడవాళ్ళకి రోజుకి 1.6 లీటర్లు, మగవాళ్ళకి 2 లీటర్లు. టీ, కాఫీ, పాలు, మజ్జిగ అన్నీ కలిపే. మన మే నెల ఎండకి ఇంకాస్త కావాలి. ఎత్తి గొంతులో పోసుకోనివ్వకండి, పెద్దవాళ్ళకి పొలమారితే అదొక ప్రమాదం. కూర్చుని గుక్క గుక్కగా తాగమనండి. కళ్ళు తిరిగిన సంగతి డాక్టర్‌కి చెప్పండి, అన్నీ నీళ్ళ ఖాతాలో వెయ్యకూడదు.

కృష్ణలంక కుర్రాడు:
స్ట్రిప్ చూశానక్కా, హెచ్ ఉంది. నాన్నకి చూపిస్తే "డాక్టర్ చెబితే అప్పుడు చూద్దాం" అన్నారు. శనివారం తీసుకెళ్తున్నా. అప్పటిదాకా ఆ మాత్ర ఆపెయ్యనా?

వార్డు సిస్టర్:
మాత్ర ఆపొద్దు! చెంబు తగ్గించు. సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది) పరీక్ష రాయమని అడుగు. ఈలోపు మాట తడబడినా, తూలినా శనివారం దాకా ఆగకు, వెంటనే తీసుకెళ్ళు.