వానొస్తే ఏరియేటర్ల ఆర్‌సీసీబీ పడిపోతోంది, డైరెక్టు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలు. 2 హెచ్‌పీ త్రీఫేజు ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే చక్రాలు) ఎనిమిది, అన్నిటికీ కలిపి ఒకటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్). చినుకు పడితే రాత్రిళ్ళు పడిపోతోంది. చక్రాలు ఆగితే రొయ్య తేలిపోతుంది. దాన్ని తీసేసి డైరెక్టు ఇద్దామంటున్నాడు ఎలక్ట్రీషియను. గుంటలో దిగే పిల్లోళ్ళు ముగ్గురు, నాకు మనసొప్పడం లేదు.

జవాబు 1: తీయొద్దన్నా. ఎంసీబీ (లోడు మరీ ఎక్కువైతే పడే స్విచ్) ఉందిలే అనుకోవద్దు. అది పడాలంటే పదుల ఆంపియర్లు పారాలి, మనిషి ప్రాణానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఉప్పుగాలికి ప్రతి మోటారూ కాస్త కాస్త లీకవుతుంది, ఎనిమిదీ కలిస్తే ఆర్‌సీసీబీ పడుతుంది. రెండు మోటార్లకొకటి చొప్పున ఫోర్‌పోల్ (మూడు ఫేజులూ, న్యూట్రలూ కలిపి ఆపేవి) 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు పెట్టండి. మెయిన్‌లో 300ది, కాస్త ఆలస్యంగా పడే రకం. అప్పుడు చెడింది ఒక్కటే ఆగుతుంది, మిగతావి తిరుగుతూనే ఉంటాయి.

ముందు దొంగను పట్టండి: ఎంసీబీలన్నీ దించి, ఒక్కోదాన్ని విడిగా ఎత్తి చూసి మళ్ళీ దించుతూ రండి. ఏది ఒక్కటే ఎత్తినా ఆర్‌సీసీబీ పడుతుందో ఆ లైనులోనే తప్పు. టేపు చుట్టి నీళ్ళలో వదిలేసిన జాయింటు, లేదా మోటారు టెర్మినల్ పెట్టె రబ్బరు ఎండి పగిలి లోపల చెమ్మ. జాయింట్లు గుంజకు కట్టి నీటిమట్టానికి పైన ఉంచాలి. 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూస్తే 1 మెగోమ్ కంటే తక్కువొచ్చిన మోటారును గట్టు మీదికి తీసేయాల్సిందే.

జవాబు 2: మోటార్లకు వెళ్ళేది మూడు కోర్ల (లోపల మూడు తీగలే ఉన్న) కేబులా? అయితే బాడీకి ఎర్తు లేనట్టే. కింద ప్లాస్టిక్ తెప్పలున్నాయి కదా, ఎర్తు ఎందుకంటారు. ఫ్రేము, షాఫ్టు ఇనుమేగా! ఎర్తు ఉంటే బాడీకి కరెంటు రాగానే ఆర్‌సీసీబీ పడుతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా తెలియదు. టెస్టు బటన్ నెలకోసారి నొక్కండి, కానీ అది పెట్టెనే పరీక్షిస్తుంది, ఎర్తును కాదు.

జవాబు 3: కరెంటు రాగానే మోటారును ఆన్ చేసే ఆటో స్విచ్ గురించి ఎవరూ అనలేదు. కరెంటు పోయిందని చక్రానికి చుట్టుకున్న తాడు విప్పడానికి దిగుతారు, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. స్టాప్ బటన్ చాలదు. మెయిన్ దించి తాళం వేసి, దిగేవాడే తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఎవరికైనా షాకు కొడితే మెయిన్ దించాకే నీళ్ళలోకి దిగాలి, పక్కనే మరొకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే గట్టు మీద పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూ ఉండాలి.

ప్రశ్న వేసినవారు: మూడు కోర్లదే అన్నా. మారుస్తాం. నాలుగో తీగ ఎంత సైజు?

జవాబు 2: ఫేజు తీగంతే. మీ మోటార్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది సరిపోతుంది.