ఊరి గొర్రె ఉన్నితో ఫెల్ట్ (నేయకుండా ఉన్నిని అతికించి చేసే మందపాటి గుడ్డ) చేస్తుంటే పొరలు ఊడిపోతున్నాయి, ఏం చేయాలి?

ఉప్పల్_ఊలు:
సిద్దిపేట దగ్గర మా మేనమామకు నల్ల గొర్రెలున్నాయి. మొన్న బొచ్చు కత్తిరించినప్పుడు రెండు కిలోలు అడిగి తెచ్చుకున్నాను. అమ్మ పూజకు కింద కూర్చుంటే మోకాళ్లు నొప్పి అంటోంది, మెత్తటి ఆసనం ఒకటి నా చేత్తోనే చేసివ్వాలని. షాంపూతో కడిగి, ఆరబెట్టి, మందంగా పరిచి, వేడి నీళ్లూ సబ్బూ పోసి అరగంట గట్టిగా రుద్దాను. ఎత్తగానే తడిసిన రొట్టెలాగా ముక్కలైంది. మాకు వచ్చేది బోరు నీళ్లు. తప్పు ఉన్నిదా, నాదా?

మౌలాలి_మగ్గం:
అక్కా, చేసిన వరస మార్చండి చాలు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడికీ సబ్బు నీళ్లకీ అవి లేచి, కదిలిస్తున్నకొద్దీ పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. కండిషనర్ కలిసిన షాంపూ అయితే ఆ పొలుసుల్ని నున్నగా అణిచేస్తుంది. పైగా బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది, కాబట్టి ఆ పనికి మంజీరా కుళాయి నీళ్లు ఒక బకెట్ పట్టి పెట్టుకోండి.

మందంగా ఒకే పొర వేయొద్దు. కుక్కలను దువ్వే తీగల బ్రష్‌లు రెండు తీసుకుని ఉన్నిని బాగా ఏకి, వెనక కాగితం కనిపించేంత పల్చగా ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకోటి అడ్డంగా, అలా ఆరు పొరలు. మొదటి పది నిమిషాలు రుద్దకూడదు, పైన దోమతెర గుడ్డ వేసి అరచేత్తో నొక్కడమే. తర్వాత వేళ్లతో పైన గిల్లి చూడండి: విడి పోగులు లేస్తే ఇంకా కాలేదు, మొత్తం గుడ్డలా లేస్తే అప్పుడు బబుల్ రాప్‌లో పెట్టి పైపుకు చుట్టి దొర్లించాలి. వందసార్లు దొర్లించి, విప్పి, పావు చుట్టు తిప్పి మళ్లీ. మూడో వంతు ముడుచుకుంటుంది, 16 అంగుళాల ఆసనం కావాలంటే 24 అంగుళాలు పరవాలి.

గొంగడి_మనవడు:
పై అన్న చెప్పిందంతా కరెక్టే కానీ ఉన్ని సంగతి వదిలేశారు. మన దక్కనీ గొర్రె బొచ్చు ముతక, మధ్యలో వెంట్రుకలు కూడా కలిసి ఉంటాయి, అందుకే మనవాళ్లు దాన్ని వడికి గొంగడి నేసి చింతగింజల గంజి పట్టించారు. కశ్మీర్ నమ్దా (ఫెల్ట్ చేసిన ఉన్ని తివాచీ) లాగా అది సులువుగా అతుక్కోదు. మీ మామయ్యను గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని అడగండి, అది మెత్తన. లేదంటే కిందా పైనా మెరినో (సన్నటి పోగుండే మెత్తటి గొర్రె ఉన్ని) పొర వేసి మధ్యలో మన నల్ల ఉన్ని పెట్టండి. మెరినో పోగు 24 మైక్రాన్ల లోపే ఉంటుంది, ముతక పోగుల మధ్యలోకి దూరి పట్టేస్తుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఊలని చెప్పి నాకు యాక్రిలిక్ అంటగట్టారు, రెండు రోజులు రుద్దాను అండీ, చేతులు పగిలాయి. రెండు పోగులు కాల్చి చూడండి, ఉన్నయితే జుట్టు కాలిన వాసన వచ్చి వేళ్ల మధ్య పొడైపోతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూసవుతుంది. "సూపర్‌వాష్" అని రాసినదీ వద్దు, దాని పొలుసుల్ని ముందే తీసేసో కప్పేసో ఉంచుతారు.

మౌలాలి_మగ్గం:
మెరినో మధ్యలో పెట్టడం నాకు తట్టలేదు తమ్ముడూ, సారీ, కిందా పైనా అన్నావు కదా, అదే మంచిది, కూర్చుంటే గుచ్చుకోదు కూడా. ఇంకోటి అక్కా, చివర్లో నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి జాడించండి, సబ్బు మిగిలితే ఉన్ని పెళుసెక్కుతుంది. నీడలో ఆరేయండి.

ఉప్పల్_ఊలు:
నిన్న అరచేయంత ముక్క చేసి చూశాను. 15 సెంటీమీటర్లది పదిన్నరకు వచ్చింది, గిల్లితే మొత్తంగా లేచింది! అంచులు మాత్రం ఇంకా వదులుగానే ఉన్నాయి. అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని చెంపకు ఆనించుకుంది, గొంగడి వాసన వస్తోందట. అంచులకు ఏం చేయాలో చెప్పండి, ఆదివారం పెద్దది మొదలుపెడతాను.

గొంగడి_మనవడు:
తడిగా ఉన్నప్పుడే బయటికి వేలాడే పోగుల్ని లోపలికి మడిచి, సబ్బు చేత్తో అంచు వెంబడే నొక్కుకుంటూ రండి. ఆరాక మడిస్తే అతుక్కోదు.