జోనంగికి జత కట్టించాలా వద్దా? ఇంటి దగ్గర ఒకటి రెండు కుక్కలతో జాతి నిలుస్తుందా?

కొల్లేటి_గట్టు:
అందరికీ నమస్కారం. నెల రోజులుగా తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

మా ఇంట్లో రెండేళ్ల జోనంగి ఆడకుక్క ఉంది. పేరు మల్లి. కైకలూరు దగ్గర ఒక పెద్దాయన ఓపిక లేక బాతుల మందను అమ్మేసుకున్నప్పుడు దీన్ని మాకిచ్చారు. జోనంగిని చూడనివాళ్ల కోసం రెండు మాటలు. కొల్లేరు చుట్టూ బాతుల్ని తోలిన కుక్క ఇది. వెంట్రుక ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది. నుదుటి మీద ముడతలు, మెలి తిరిగిన తోక. మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది. మెత్తటి నేల కనిపిస్తే బొరియ తవ్వుకుని అందులో పడుకుంటుంది (మా అమ్మ కనకాంబరం మడి అలాగే పోయింది).

మా తాతగారి రోజుల్లో సాయంత్రం బాతుల్ని దొడ్డికి చేర్చడం ఈ కుక్కల పనే. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది కాబట్టి రాత్రి ఒక్కటి తుంగలో ఉండిపోయినా ఆ గుడ్డు దక్కదు. తర్వాత బాతులు తగ్గి చేపల చెరువులు వచ్చాయి. పని పోయిన కుక్కలు చెరువుల్లో చేపలు పట్టుకు తినడం మొదలెట్టాయి. చెరువులవాళ్లు ఊరుకుంటారా? చాలావాటిని చంపేశారు.

మల్లి వచ్చే నెలలో ఎదకు వస్తుంది. రెండు దారులున్నాయి. ఒకటి, ఆ పెద్దాయన దగ్గరే ఉన్న దీని తోడబుట్టిన మగది. పైసా ఖర్చు లేదు. రెండోది, హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర షోలకు తిరిగే మగకుక్క. ఫీజు బదులు పుట్టినవాటిలో ఆయన ఏరుకున్న రెండు పిల్లలు ఇవ్వాలట. మా ఆవిడ మాత్రం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి హాయిగా ఉందామంటోంది.

ఒక్క ఈత (కాన్పు) తీస్తే జాతికి మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

వీధి_నేస్తం:
కటువుగా చెప్తాను, ఏమనుకోకండి. మీ ఆవిడ మాట వినండి.

ఈ వానాకాలం మా కాలనీలో ఒక్క సందులోనే పదకొండు కూనలు పుట్టాయి. నాలుగు మిగిలాయి. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి రెండు నా ఒళ్లోనే పోయాయి. ఇలాంటి చోట కావాలని ఇంకో ఆరు పిల్లల్ని పుట్టించడానికి మనసెలా వస్తుందో నాకు అర్థం కాదు. "ఒక్క ఈత" అన్న ప్రతి ఇంట్లోనూ నేను చూసింది ఒకటే. రెండింటిని చుట్టాలు తీసుకుంటారు, మిగతావి వాట్సాప్ స్టేటస్‌లో తిరుగుతాయి, ఆర్నెల్లకి ఎవరి డాబా మీదో గొలుసుతో తేలతాయి. అయినా బాతులే లేనప్పుడు బాతుల కుక్క ఎందుకండీ, పెట్టెలో పెట్టి చూసుకోవడానికా?

జోన్‌గాడి_నాన్న:
నేను ఆన్‌లైన్‌లో చూసి పన్నెండు వేలు పెట్టి "ప్యూర్ జోనంగి" తెచ్చుకున్నాను. మూడో నెలలో మెడ చుట్టూ బొచ్చు మొదలైంది. ఆరో నెలకి తోక చామరంలా విచ్చుకుంది. ఇప్పుడు చూస్తే మా వీధి చివర టీ కొట్టు దగ్గర పడుకునే దానికి సొంత తమ్ముడిలా ఉంటాడు. వాడంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి. కానీ అమ్మినాయన ఫోన్‌లో అన్న మాట మర్చిపోలేను: "మాది పెద్ద కెన్నెల్ కాదండి, ఇంట్లో చిన్నగా చేసుకుంటాం." చిన్నగా చేసేవాళ్లంతా నిజాయితీపరులు అనుకోకండి.

పశువుల_డాక్టరు:
గోదావరి జిల్లాల్లో పద్నాలుగేళ్లుగా కుక్కల్ని చూస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు ఆ తోబుట్టువుల జత సంగతి. వద్దే వద్దు. అన్నాచెల్లెళ్లకు పుట్టిన పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్ లెక్క 25 శాతం. అంటే పిల్ల జన్యువుల్లో సుమారు నాలుగో వంతు చోట్ల తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి వచ్చినవి రెండూ ఒకే దాని నకళ్లు. అది చెడ్డదైతే కప్పిపుచ్చడానికి రెండో రకం ఉండదు. పుట్టిన రోజు పిల్లలు ముద్దుగానే ఉంటాయి. దెబ్బ మెల్లగా తెలుస్తుంది. ఈతలో సంఖ్య తగ్గుతుంది, మొదటి వారంలో కారణం చెప్పలేని చావులు ఉంటాయి, తర్వాతి తరంలో చూలు నిలవదు. సగం తోబుట్టువులైతే 12.5, పినతల్లి పిల్లల వరసైతే 6.25. ఉన్నవే కొన్ని కుక్కలైనప్పుడు ఏదో ఒక చుట్టరికం తప్పదు. దూరపు చుట్టాన్ని వెతకడమే మన చేతిలో ఉన్నది.

షో కుక్క గురించి మాత్రం చాలామంది పొరబడతారు. ఒక మగదానికి పేరొస్తుంది, అందరూ దాని దగ్గరికే పరుగెత్తుతారు. ఒక చిన్న లెక్క చేయండి. పిల్లలు పెట్టిన మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, రెండింటి మొత్తంతో భాగించండి. పది ఆడవి, ఒకే మగది ఉంటే వచ్చేది 3.6. అంటే మన కళ్లకు పదకొండు కుక్కలు, జాతికి మాత్రం నాలుగు కూడా లేనట్టు. అదే పది ఆడవాటికి ఐదు మగవి వాడితే 13 దాటుతుంది. కనీసం 50 ఉండాలని పశుసంపద మీద పనిచేసేవాళ్లు చెప్తుంటారు. మన ప్రాంతంలో పది ఇళ్లలో పది ఆడవి ఉన్నాయనుకుందాం. పది మందీ హైదరాబాద్ వెళ్తే మనం చేసింది పిల్లల సంఖ్యను పెంచడమే కాదు, జాతిని కుదించడం కూడా. ఆ మగది మంచిదా చెడ్డదా అన్నది నేను మాట్లాడట్లేదు. ఇప్పటికి దానికి ఎన్ని ఈతలు పుట్టాయో అడగండి. ఆయన నీళ్లు నమిలితే వచ్చేయండి.

ఇక రోగాలు. ఏ మగదైనా సరే, జతకు ముందు రెండింటికీ బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించండి. దాంతో చూలు పోతుంది, మనుషులకూ అంటుతుంది. బయట తిరిగే మగదైతే జననాంగం దగ్గర గడ్డలున్నాయేమో చూడాలి. జతలో అంటుకునే గడ్డల జబ్బు మన ఊళ్లలో బాగా ఉంది. మీ వైపు పిడుదులు ఎక్కువ కాబట్టి టిక్ ఫీవర్ పరీక్ష కూడా.

చట్టం సంగతీ చెప్పాలి. అమ్మే ఉద్దేశం ఉంటే 2017 కేంద్ర నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఆడదానికి 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక ఈతే, జీవితంలో ఐదుకు మించకూడదు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు.

మంద_వెనక:
మాది నారాయణపేట వైపు. కురుమోళ్లం. దక్కనీ నల్ల గొర్రెలు రెండు వందల దాకా ఉన్నాయి.

మా కుక్కలకు జాతి పేరు లేదు, మా తాత ఎవరినీ అడగలేదు. మంద నడుమ పండుకుని, తోడేలు వాసనకు లేచినదాన్ని ఉంచుకున్నాం. గొర్రెపిల్లను నోట పట్టినదాన్ని ఉంచుకోలేదు. గంతే. మాదగ్గర మగ కుక్క బాగుందని ఇంకో మందవాళ్లు చూసి అడుగుతరు, పిల్లను ఇస్తం, వాళ్ల పిల్లను తెచ్చుకుంటం. డాక్టరు సారు చెప్పిన లెక్క మాకు రాదు కానీ చేసింది అదే అనుకుంటున్న.

కొల్లేటి అన్నా, మీ మల్లికి బాతుల్ని తోలడం వచ్చా? అది చెప్పకుండా నుదుటి ముడతలు, తోక చెప్తున్నరు. పని రాని కుక్కకు పిల్లలు తీస్తే మీరు కాపాడేది దాని తోలును.

కొల్లేటి_గట్టు:
అడగాల్సిన మాటే అడిగారు. ఎనిమిది నెలల వరకు మంద దగ్గరే పెరిగింది. మా ఇంట్లో బాతుల్లేవు. పక్కింటి కోళ్లు మా పెరట్లోకి వస్తే ఒక్కదాన్నీ ముట్టుకోకుండా చుట్టూ తిరిగి మూలకు చేరుస్తుంది, చేర్చి నా వైపు చూస్తుంది. నేను "చాలు" అనేదాకా కదలనివ్వదు. పక్కింటావిడకు ఈ ఘనత అస్సలు నచ్చడం లేదు. మొన్న మా బావ చెరువు గట్టున వదిలితే నీళ్లలోకి దూకి కొరమీనుతో పైకొచ్చింది. బావ మొహం చూస్తే దాని పూర్వీకుల్ని ఎందుకు చంపారో అర్థమైంది.

స్వచ్ఛత_ముఖ్యం:
పని పని అంటూ ఊరకుక్కలతో కలిపేస్తే చివరికి మిగిలేది ఊరకుక్కే. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కల్ని కర్నాల్‌లోని జన్యు వనరుల బ్యూరో జాతులుగా నమోదు చేసింది. 2025లో హిమాచల్ గొర్రెల కాపరుల గద్ది కుక్కకూ ఆ గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో దేశీ కుక్కల పేర్లు చెప్పినప్పుడు మన జోనంగి పేరే రాలేదు. రూపం ఒకేలా నిలబడితేనే గుర్తింపు, గుర్తింపు ఉంటేనే జనం పెంచుకుంటారు. షో కుక్కల్ని తీసిపారేయకండి.

పశువుల_డాక్టరు:
గద్ది కుక్క ఇన్నాళ్లు నిలబడింది చిరుతలు తిరిగే కొండల్లో, మెడకు ఇనుప ముళ్ల పట్టీతో, మందల వెనక నడవబట్టి. గుర్తింపు ఆ తర్వాత వచ్చింది. అయినా మీ మాటలో సగం నాకూ ఒప్పే. జోన్‌గాడి నాన్నగారిలా ఇంకొకరు మోసపోకూడదంటే ఏది జోనంగో ఎక్కడో రాసి ఉండాలి. ఆ రాసిన పుస్తకానికి తలుపులు మూసేయడమే, అంటే బయటి కుక్కను ఇక చేర్చుకోకపోవడమే, నాకు భయం.

లీడ్స్_తెలుగు:
ఆ తలుపుల సంగతే ఇక్కడ ఎలా ఉందో చెప్తాను. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఏడాదికి 300 కంటే తక్కువ పిల్లలు నమోదయ్యే స్థానిక జాతుల్ని ప్రమాదంలో ఉన్నవిగా జాబితా వేస్తుంది. స్మూత్ కోలీ అనే గొర్రెల కుక్క చాలా ఏళ్లుగా ఆ జాబితాలో ఉంది. తండ్రీకూతుళ్లకూ అన్నాచెల్లెళ్లకూ పుట్టినవాటిని ఆ క్లబ్ 2009 నుంచి నమోదు చేయడం లేదు.

ఇంకో పక్క 1906లో గొర్రెల కాపరులు పెట్టుకున్న ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ ఉంది. బోర్డర్ కోలీ అనే గొర్రెల కుక్కలకు అది వేరే పుస్తకం నడుపుతుంది. కాగితాల్లేని కుక్క అయినా మందను తోలి చూపించి, ఆరోగ్య పరీక్షల్లో గట్టెక్కితే అందులో చోటిస్తారు. రూపం చూడరు. ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిన కుక్కల్ని మా ఇంటి వెనక కొండ మీద వారం వారం చూస్తాను. పనిలో వాటికి సాటి లేదు. జోనంగికి ఇలాంటి పుస్తకం పెట్టుకోవడానికి లక్షలు అక్కర్లేదు, ఒక ఎక్సెల్ ఫైలు చాలు.

వీధి_నేస్తం:
ఎక్సెల్ ఫైలు పెడతారు సరే, అందులో రాసేదెవరు? నాలుగు నెలలు ఉత్సాహంగా రాస్తారు, తర్వాత అడ్మిన్‌కి పెళ్లవుతుంది.

నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. పుట్టిన ఆరింటిలో రెండు జాతికి పనికొస్తాయి అనుకుందాం. మిగతా నాలుగు?

కొల్లేటి_గట్టు:
దానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. ముందు ఇళ్లు రాసుకుంటాను, తర్వాతే జత. కనీసం ఆరిళ్లు ఖాయం కాకపోతే మల్లికి ఆపరేషనే. ఎవరికైనా కుదరకపోతే పిల్ల తిరిగి మా ఇంటికే రావాలి, అది కాగితం మీద రాయించుకుంటాను. ఏ పిల్లకూ డబ్బు తీసుకోను.

జోన్‌గాడి_నాన్న:
డబ్బు తీసుకోనంటే మాత్రం నేను ఒప్పుకోను. ఊరికే వచ్చినదాన్ని జనం ఊరికే వదిలేస్తారు. టీకాల ఖర్చయినా తీసుకోండి. మా కజిన్ ఇంట్లో ఒక ఈతకి తల్లి తిండి, స్కానింగ్, నులిపురుగుల మందు, టీకాలు కలిపి ముప్పై ఎనిమిది వేలు అయ్యాయి. అర్ధరాత్రి సిజేరియన్ అవసరమైతే ఇంకో పాతిక పెట్టుకోండి. కాన్పు రోజుల్లో రెండు వారాలు సెలవు పెట్టగలరా? అదీ ఆలోచించండి.

పశువుల_డాక్టరు:
బాగా చెప్పారు. జత కుదిరిన రోజు నుంచి దాదాపు 63 రోజులు. సంక్రాంతికి ఊరెళ్లే ప్రోగ్రామ్‌లు ముందే చూసుకోండి. ఇంకొకటి. మూడో వారం నుంచి మూడో నెల దాకా పిల్ల ఏం చూస్తే దాని స్వభావం అలా తయారవుతుంది. బాతుల్ని ఆ వయసులో చూపించకుండా పెద్దయ్యాక తోలమంటే కష్టం.

కొల్లేటి_గట్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. తోడబుట్టినదాన్ని వద్దనుకున్నాం. హైదరాబాద్ ఆయన్ని "ఇప్పటికి ఎన్ని ఈతలండీ" అని అడిగాను. గొప్పగానే చెప్పారు, ఇరవై దాటాయట. దండం పెట్టి ఫోన్ పెట్టేశాను.

పెద్దాయన్నే మళ్లీ అడిగితే మండవల్లి అవతల ఇంకా బాతులు మేపుతున్న ఒక కుటుంబం ఉందన్నారు. కోతలయ్యాక చేల వెంట తిరిగే మంద. వెళ్లి చూశాను. ఐదేళ్ల మగది, ఎడమ చెవి చిరిగిపోయి ఉంది, ఏ షోలోనూ గడప దాటనివ్వరు. ఆ ఇంటామె ఈల వేస్తే నాలుగు వందల బాతుల్ని కాలవ దాటించి తెచ్చింది. వీళ్లకు మల్లి తల్లి ఎవరో తెలుసు, మల్లికీ ఈ మగదానికీ మూడు తరాల్లో చుట్టరికం లేదంటున్నారు. నోటి మాటే, రాసుకున్నది ఏమీ లేదు. రక్తపరీక్షకు పంపాం. అది వచ్చేసరికి మల్లి ఎద దాటిపోతుంది కాబట్టి ఈసారికి లేదు, వచ్చేసారికే. ఇప్పటికి నాలుగిళ్లు దొరికాయి. పిల్లలు పుడితే రెండున్నర నెలలు వచ్చేదాకా ఆ మంద దగ్గరే తల్లితో ఉంచుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

వీధి_నేస్తం:
నేనిప్పటికీ వద్దనే అంటాను. కానీ పుడితే, జాతికి వాడని పిల్లలకు వయసొచ్చాక ఆపరేషన్లు నా ఖర్చుతో చేయిస్తాను. ఆ కాగితంలో నా పేరు కూడా రాయండి.

మంద_వెనక:
ఐదో ఇల్లు మాది. మగ పిల్ల కావాలె. గొర్రెల్ని తోలుతుందో లేదో నేను చూస్త. టీకాల డబ్బులిస్త, పైన ఒక గొర్రెపిల్ల.

వీధి_నేస్తం:
గొర్రెపిల్లను తిరిగి ఇచ్చే కాగితం కూడా రాయించుకోండి కొల్లేటి గారూ. మల్లి దాన్ని మూలకు చేర్చి కూర్చుంటుంది.